స్థలంలో వాటా ఎన్ని గజాలు?

2013లో ఇంగ్లండులో, లండన్ పక్కనున్న స్లౌలో ఫ్లాట్ కొన్నప్పుడు తెనాలిలో ఉన్న మా బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ముప్పై ఏళ్ళు డాక్యుమెంట్లు రాసిన మనిషి. సంతోషంరా, శుభంరా లాంటి మాటలు ఆయన నోట తర్వాతెప్పుడో వస్తాయి. ముందు ఒకటే ప్రశ్న.

"స్థలంలో వాటా ఎన్ని గజాలు పడిందిరా?"

"ఇక్కడ స్థలంలో వాటా ఉండదు బాబాయ్. 99 ఏళ్ళ లీజు. ఇంకా 92 ఏళ్ళు ఉంది."

లైన్ కట్టయిందేమో అనుకున్నాను. కాసేపాగి, "అయితే కౌలుకు తీసుకున్నావన్నమాట," అన్నాడు.

"కౌలేంటి బాబాయ్, లక్షా తొంభై వేల పౌండ్లు పెట్టి కొన్నాను. బ్యాంకు లోను కూడా ఇచ్చింది."

"బ్యాంకుకేంరా, కట్టేవాడు దొరికితే దేనిమీదైనా ఇస్తుంది."

పెద్దాయన చాదస్తం అని నవ్వుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత, అదే ఫ్లాటుకు ఇంకో 13,000 పౌండ్లు కట్టి వచ్చిన రోజున ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆ డబ్బుతో ఒక్క గది పెరగలేదు, వంటింట్లో ఒక్క పలక మారలేదు. కొన్నది కేవలం ఏళ్ళు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే సేల్ డీడ్‌లో ఒక లైను ఉంటుంది: అవిభక్త వాటా 40 గజాలు, 55 గజాలు అని. రేపు బిల్డింగు పాతబడి కూలగొట్టినా ఆ గజాలు మనవే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాట్ల పద్ధతి వేరు. దాదాపు అన్నీ లీజ్‌హోల్డే. నేల, పునాది, బయటి గోడలు, పైకప్పు నేల అసలు సొంతదారుడైన ఫ్రీహోల్డర్‌వి. ఆ గోడల మధ్య ఉండే హక్కు మనది, అదీ లీజులో రాసినన్నాళ్ళే. గడువు తీరిన నాడు ఫ్లాటు ఫ్రీహోల్డర్ చేతికి తిరిగి వెళ్తుంది, ఆ తర్వాత అందులో మనం ఉన్నా అద్దెకే. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో ఈ గొడవ లేదు, అక్కడ ఫ్లాటు కొంటే కొన్నట్టే.

మా లీజు ముప్పై చిల్లర పేజీలు, అంచున ఆకుపచ్చ టేపుతో కుట్టి ఉంటుంది. చివర ప్లాను, ప్లానులో మా ఫ్లాటు చుట్టూ ఎర్ర గీత. ఆ గీత లోపల కూడా నా ఇష్టారాజ్యం కాదు. కుక్కను పెంచాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 11 దాటాక వాయిద్యాలు వాయించకూడదు. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు. ఒక జులైలో నాలుగు రోజులు ఎండ కాస్తే మా ఆవిడ అదే బాల్కనీలో వడియాలు పెట్టింది. బట్టలు వద్దన్నారు గానీ వడియాలు వద్దన్నారా అని తన వాదన. లాయర్ అయి ఉంటే ఈ దేశంలో బాగా రాణించేది.

గ్రౌండ్ రెంట్, అంటే నేల అద్దె, ఏడాదికి 150 పౌండ్లు, రెండు వాయిదాలు. జూన్ 24న 75, డిసెంబరు 25న 75. క్రిస్మస్ రోజున బస్సులు కూడా తిరగని ఊళ్ళో, ఫ్రీహోల్డర్‌కు శిస్తు గడువు మాత్రం సరిగ్గా ఆ రోజే. వందల ఏళ్ళ కిందటి కౌలు గడువు తేదీలు ఇంకా అలాగే నడుస్తున్నాయి. బాబాయి కౌలు అన్నది ఊరికే కాదు.

ఈ 150 పౌండ్ల గురించే అందరం గొణుక్కుంటాం. అసలు నష్టం దాని వెనక ఉంది. ప్రతి మార్చి 25కీ మా లీజులో ఒక ఏడు తరిగిపోతుంది. 2006 మార్చి 25 నుంచి 99 ఏళ్ళు అని రాశారు గనుక 2025 మార్చి 25కి మిగిలేది సరిగ్గా 80. ఈ 80 అనే అంకె ఎంత ప్రమాదమో కొన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో, అప్పుడు నా ధ్యాసంతా వంటింటి సైజు మీదే ఉంది.

1993లో వచ్చిన చట్టం ఫ్లాట్ల యజమానులకు (యజమాని అనే మాట అలవాటుకొద్దీ వాడుతున్నాను) ఒక హక్కు ఇచ్చింది. మిగిలిన ఏళ్ళకు ఇంకో 90 కలుపుకోవచ్చు, గ్రౌండ్ రెంట్ పూర్తిగా పోతుంది, ఫ్రీహోల్డర్ కుదరదనడానికి వీల్లేదు. దానికి ధర కట్టాలి. ఆ ధరలో రెండు భాగాలు ఎప్పుడూ ఉంటాయి: ఫ్రీహోల్డర్ ఇకముందు పోగొట్టుకోబోయే అద్దె, లీజు తీరాక తన చేతికి రావలసిన ఫ్లాటు ఇంకో 90 ఏళ్ళు వెనక్కి జరిగినందుకు పరిహారం. మిగిలింది 80 ఏళ్ళు లేదా అంతకన్నా తక్కువైతే మూడో భాగం వచ్చి చేరుతుంది. దాని పేరు మ్యారేజ్ వాల్యూ. పెళ్ళి విలువ!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు రెండు వేర్వేరు కష్టాలుగా చెప్పారు. ఇక్కడివాళ్ళు రెంటినీ కలిపి ఒకే బిల్లు వేస్తారు.

సంగతి ఏమిటంటే, లీజు తక్కువున్న ఫ్లాటుకు మార్కెట్లో పూర్తి ధర రాదు, పొడిగిస్తే వస్తుంది. మన లీజు, ఫ్రీహోల్డర్ హక్కు విడివిడిగా ఉన్నప్పటి విలువల కన్నా, పొడిగించాక ఇద్దరి చేతిలో ఉండే మొత్తం ఎక్కువ. ఆ పెరిగిన దాన్నే పెళ్ళి విలువ అంటారు. అందులో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి. పొడిగింపు కావాలని నోటీసు ఇచ్చిన రోజుకు 80 ఏళ్ళ పైన ఒక్క రోజు ఎక్కువున్నా అది సున్నా.

బాబాయికి ఫోనులో చెప్పడం కోసం నేనే ఒక లెక్క వేసుకున్నాను. పొడిగించాక 3,00,000 పౌండ్లు పలికే ఫ్లాటు, పెరగని 150 పౌండ్ల గ్రౌండ్ రెంట్. 81 ఏళ్ళు మిగిలి ఉంటే, అద్దె హక్కును 6 శాతం లెక్కన కడితే సుమారు 2,500. 81 ఏళ్ళ తర్వాత చేతికొచ్చే మూడు లక్షల నేటి విలువ 5 శాతం లెక్కన 5,800 లోపే (ఫ్లాట్లకు ఈ 5 శాతం 2006లో ల్యాండ్స్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుతో స్థిరపడింది). మొత్తం 8,200 దగ్గర తేలుతుంది. అదే ఫ్లాటు 79కి దిగనివ్వండి. పాత లీజుతో దాని విలువ పూర్తి ధరలో 92 శాతమని అనుకుంటే, పెళ్ళి విలువలో సగమే 7,600 అవుతుంది. మొత్తం 16,400. రెండేళ్ళ తేడాకు ధర రెట్టింపు! 60 ఏళ్ళకు దిగి, విలువ 80 శాతానికి పడిందనుకుంటే 39,000 దాటుతుంది. ఆ లోపలే చాలా బ్యాంకులు లోను దగ్గర మొహం చాటేస్తాయి గనుక, కొనేవాళ్ళు కూడా దొరకరు.

"అంటే నీ డబ్బుతో నీ ఇంటి ధర పెరిగితే, అందులో సగం వాడిదా?" అన్నాడు బాబాయి. ఇంగ్లండు ఆస్తి చట్టం మీద ఇంతకన్నా సూటైన వ్యాఖ్య నేను ఇంకెక్కడా వినలేదు.

ఫ్రీహోల్డర్ల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, న్యాయంగా చెప్పాలి. 99 ఏళ్ళని తెలిసే కొన్నావు, లీజు గడువును బట్టే ధర కట్టావు, ఇప్పుడు అదనపు ఏళ్ళు ఊరికే కావాలంటే ఎలా అంటారు. ఊరికే ఎవరూ అడగడం లేదు. పోయే అద్దెకూ, వాయిదా పడే ఫ్లాటుకూ కట్టమంటే కడతాం. నా అభ్యంతరమల్లా ఆ మూడో ముక్క మీదే. ఈ ఏళ్ళను అమ్మేవాడు లోకంలో ఒక్కడే, కొనక తప్పని మనిషిని నేనొక్కణ్ణే. దీన్ని మార్కెట్ ధర అంటే మా ఊరి సంతలో గేదెలు కూడా నవ్వుతాయి.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది. 1677లో సర్ థామస్ గ్రోవ్‌నర్ అనే ఆయన మేరీ డేవీస్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆ పిల్లకు అప్పటికి 12 ఏళ్ళు. ఆమెకు వారసత్వంగా వచ్చిన చిత్తడి నేలలూ మేత బీళ్ళూ తర్వాత లండన్లో మేఫెయిర్, బెల్‌గ్రేవియా అయ్యాయి. ఆ వంశం వాళ్ళే వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూకులు. ఇళ్ళ లీజుదార్లకు ఫ్రీహోల్డ్ కొనుక్కునే హక్కిచ్చిన 1967 చట్టం మీద వాళ్ళ ఎస్టేటు ట్రస్టీలు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 1986లో ఓడిపోయారు. ఫ్లాట్లకు హక్కిచ్చిన 1993 చట్టం వచ్చినప్పుడు అప్పటి డ్యూక్ కోపంతో కన్సర్వేటివ్ పార్టీనే వదిలేశాడు. మా స్లౌ బిల్డింగు కింది నేల డ్యూకులది కాదు, ఏదో పెట్టుబడి కంపెనీది. కానీ పద్ధతి ఆ బీళ్ళలో పుట్టిందే.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మా పై అంతస్తు అతను. వరంగల్ అబ్బాయి, నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. అదే బిల్డింగు, అదే లీజు, అదే తేదీ. 2025 జనవరిలో చెత్త డబ్బాల దగ్గర కలిస్తే, "నోటీసు ఇస్తున్నాను, నువ్వూ ఇవ్వు, ఇద్దరం ఫ్లాటుకు విలువ కట్టే ఒకే వాల్యుయర్‌ను పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది," అన్నాను.

"కొత్త చట్టం వచ్చింది కదన్నా, మ్యారేజ్ వాల్యూ తీసేస్తున్నరు. 90 కాదు, 990 ఏళ్ళు ఇస్తరంట. ఇప్పుడు కట్టుడెందుకు? ఆగుదాం," అన్నాడు.

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. 2024 మే 24న చట్టం ఆమోదం పొందింది. అందులో పెళ్ళి విలువ రద్దు, 990 ఏళ్ళ పొడిగింపు, ధర లెక్కలో గ్రౌండ్ రెంట్‌ను ఫ్లాటు విలువలో 0.1 శాతానికి మించనివ్వకపోవడం, ఫ్రీహోల్డర్ ఖర్చులు మామూలుగా మన నెత్తిన పడకపోవడం, అన్నీ ఉన్నాయి. ఉన్నాయి గానీ, అమలు తేదీలు లేవు. కొన్న రెండేళ్ళ దాకా నోటీసు ఇవ్వకూడదనే పాత షరతు మాత్రం 2025 జనవరి 31న పోయింది. ధర తగ్గించే సెక్షన్లు కదల్లేదు. పెద్ద ఫ్రీహోల్డర్లు కొందరు హైకోర్టుకు వెళ్ళారు, 2025 అక్టోబరులో కోర్టు వాళ్ళ కేసు కొట్టేసింది. అయినా ఇది రాస్తున్న 2025 డిసెంబరు నాటికి ఆ సెక్షన్లు కాగితం మీదే ఉన్నాయి.

నా వాదన ఇది. 80 పైన ఉన్నవాడికి పెళ్ళి విలువ ఎలాగూ సున్నా. దాన్ని రద్దు చేస్తే వాడికి కొత్తగా మిగిలేదేమీ లేదు. ఆగినందుకు నాకు దక్కేవి ఫ్రీహోల్డర్ లాయర్, వాల్యుయర్ ఖర్చులు ఓ రెండు వేలు, ఇంకా 90 బదులు 990. నేను పోయాక తొమ్మిది వందల ఏళ్ళ సంగతి నాకెందుకు? ఆగితే, చట్టం ఆలస్యమైతే, పోయేది ఎనిమిది వేలు. పైగా కొత్త లెక్కకు వాడే వడ్డీ రేట్లు ప్రభుత్వం ఇంకా ఖరారు చేయాలి. అవి ఎటు తిరిగితే అటు మన ధర తిరుగుతుంది. గెలిస్తే రెండు, ఓడితే ఎనిమిది. సంక్రాంతికి కోడిపందేల్లో కూడా ఇలాంటి పందెం ఎవరూ కాయరు.

అప్పటికే 80 కిందికి జారిపోయినవాళ్ళ సంగతి వేరు. అమ్మే పని లేక, బ్యాంకుతో పని పడక, ఇంకో నాలుగేళ్ళు హాయిగా ఉండగలిగినవాళ్ళు ఆగొచ్చు. అప్పటికే పెళ్ళి విలువ నెత్తిన పడింది గనుక, చట్టం అమలైతే వాళ్ళకు మిగిలేది ఎక్కువ. నేను కాదనను. మేమిద్దరం అప్పటికి ఉన్నది 80 గీతకు ఇవతల, రెండున్నర నెలల దూరంలో.

అతను నవ్వాడు. "మీకు టెన్షన్ ఎక్కువన్నా," అన్నాడు.

టెన్షన్ నిజమే. అంతకుముందు అక్టోబరులోనే ఒక లాయరుకు (ఇక్కడ సాలిసిటర్ అంటారు) ఫైలు ఇచ్చాను. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం." మూడు నెలలు వచ్చే వారంలోనే గడిచాయి. చివరికి ముసాయిదా నోటీసు పంపితే, ఎందుకో అనుమానం వచ్చి ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కట్టి ఫ్రీహోల్డ్ రిజిస్టర్ కాపీ తెప్పించాను. నేల ఏడాది కిందటే ఇంకో కంపెనీకి అమ్ముడుపోయింది! నోటీసులో పాత కంపెనీ పేరే ఉంది. అది అలాగే వెళ్ళి ఉంటే, చెల్లదని తేలేసరికి మార్చి 25 దాటిపోయేది. ఈ.సీ. తీయించకుండా సంతకం పెట్టకురా అని బాబాయి వందసార్లు చెప్పిన మాట ఇక్కడ పనికొచ్చింది. సాలిసిటర్‌ను మార్చేశాను. నోటీసు ఫిబ్రవరి 27న చేరింది. ధర లెక్క ఆ రోజు నాటి ఏళ్ళ మీదే కడతారు, బేరం ఎంతకాలం సాగినా ఫరవాలేదు. రశీదును దేవుడి అల్మరాలో పెట్టాను.

ఆ తర్వాత ఫ్రీహోల్డర్ తరఫు వాల్యుయర్ ఒకాయన లేజర్ కొలత పట్టుకుని వచ్చాడు. బూట్లు విప్పమంటే విప్పాడు, మర్యాదస్తుడే. ఆ దేవుడి అల్మరా తలుపు తీసి లోపల కూడా కొలిచాడు. నేను నోటీసులో రాసింది 6,800. అందులో పదో వంతు 680 డిపాజిట్ అడిగి తీసుకున్నారు. మే మొదట్లో ఫ్రీహోల్డర్ జవాబుగా కౌంటర్ నోటీసు వచ్చింది: 13,500. ఇద్దరు వాల్యుయర్లూ రెండు నెలలు ఉత్తరాలు రాసుకుని 8,900 దగ్గర కలిశారు. కౌంటర్ నోటీసు అందిన ఆరు నెలల్లోగా ఒప్పందమో, ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్లో దరఖాస్తో ఏదో ఒకటి కాకపోతే నోటీసు రద్దయి, ఇంకో ఏడాది దాకా మళ్ళీ ఇవ్వడానికి లేదు. ఆ తేదీ కూడా క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. నా లాయర్, వాల్యుయర్లకు 2,100, వాళ్ళ వాళ్ళకు 2,000. మన డబ్బుల్లో అంతా కలిపి 15 లక్షలు.

మధ్యలో ఫ్రీహోల్డర్ దగ్గర్నుంచి ఒక తియ్యటి ఉత్తరం కూడా వచ్చింది. ఈ నోటీసులూ ట్రిబ్యునల్లూ ఎందుకు, మనం మనం మాట్లాడుకుందాం, 6,000కే లీజును 125 ఏళ్ళు చేస్తాం అని. ధర చూసి మా ఆవిడ ఒప్పేసుకోమంది. రెండో పేజీలో ఉంది అసలు సంగతి. పాత లీజు గడువు తీరేదాకా గ్రౌండ్ రెంట్ అలాగే ఉంటుంది. చట్టప్రకారం వెళ్తే నాకొచ్చేది 170 ఏళ్ళు, అద్దె ఆ రోజు నుంచే సున్నా. తియ్యటి ఉత్తరాలు వస్తే రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి.

అక్టోబరు చివర్లో కొత్త లీజు వచ్చింది. గడువు 2195 మార్చి దాకా. బాబాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయనకు ఇప్పుడు 81, చెవులు కాస్త మందగించాయి గానీ దస్తావేజు అంటే ఒక్క మాట వదలడు.

"అద్దె ఎంతని రాశారు?"

"ఒక మిరియం గింజ బాబాయ్. ఏడాదికి ఒకటి, అదీ వాళ్ళు అడిగితేనే." నిజంగానే అలా రాస్తారు. అద్దె లేని లీజు రాయడానికి చేయి రాక, విలువ లేని వస్తువుగా మిరియాన్ని పెట్టుకున్నారు. దాని కోసమే ఒకప్పుడు మలబారుకు ఓడలేసుకుని వచ్చిన జాతి.

"అడక్కుండా పంపకు," అన్నాడు సీరియస్‌గా. "పంపితే అలవాటవుద్ది."

మా పై అంతస్తు అతనికి నవంబరులో లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఫ్లాటు అమ్మకానికి పెట్టాడు. ప్రకటనలో ఫొటోల కింద చిన్న అక్షరాలతో 79 ఏళ్ళు అని ఉంది. అమ్మేవాడు ఇప్పుడే నోటీసు ఇచ్చి, ఆ హక్కును కొనేవాళ్ళ పేర రాసివ్వొచ్చు, ఆ దారి ఉంది, చెప్పాను. ధర మాత్రం 79 ఏళ్ళ ధరే. ఏజెంటు ముందే చెప్పాడట, పదిహేను వేలు తగ్గించకపోతే చూడ్డానికి కూడా ఎవరూ రారని.

మొన్న మెట్ల మీద కనిపించి, "ఇంకో నాలుగు నెలలు ఆగితే అమలవుతదేమో కదన్నా," అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. పిల్లకు లీడ్స్‌లో స్కూలు సీటు ఎప్పటినుంచి అని అడిగాను. జనవరి 5 అన్నాడు. రాత్రిళ్ళు పైన అట్టపెట్టెలకు టేపు వేస్తున్న చప్పుడు మా హాల్లోకి వినిపిస్తోంది.